అభిమాన ఫుట్‌బాల్ క్లబ్బు వేర్పాటు లీగులో చేరితే విజయవాడ నుంచి నిరసన తెలపడం ఎలా

ముందుగా క్లబ్బు ప్రకటనను చివరి వరకూ చదవండి. 2021 ఏప్రిల్ 18న యూరప్‌లోని 12 క్లబ్బులు ఉన్న యూరప్ పోటీ నుంచి వేరుపడి ప్రకటించిన సూపర్ లీగులో అసలు పేచీ డబ్బు కాదు, ఎంత ఓడినా వ్యవస్థాపక క్లబ్బుల స్థానం చెక్కుచెదరదన్న నిబంధన. మీ లేఖ దానితోనే మొదలవ్వాలి. బెంజి సర్కిల్ దగ్గరి టీ కొట్టులో కూర్చుని తిట్టాల్సినవన్నీ తిట్టుకోండి (అదీ అవసరమే), లేఖలోకి మాత్రం ఒక్కటీ రానీయకండి. సంతకాల కింద ఊరి పేరు తప్పక రాయండి, ఎందుకంటే కొత్త లీగంతా దూరదేశపు అభిమానుల కోసమేనన్న క్లబ్బుల వాదనకు, అర్ధరాత్రి 12:30కి మేలుకుని మ్యాచ్ చూసే విజయవాడవాసి సంతకమే గట్టి జవాబు. ఆలస్యం చేయకండి: 2021లో ఏప్రిల్ 20 సాయంత్రం లండన్ క్లబ్బు చెల్సీ అభిమానులు తమ మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జి బయట రోడ్డును ముట్టడించగా, మనకు తెల్లవారేసరికి ఆ పన్నెండింటిలోని ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి. జెర్సీని తగలబెట్టకుండా తిరగేసి తొడుక్కోండి. బెజవాడ ఎండలో చిహ్నం వెనకాలి కుట్టు ఛాతీకి గుచ్చుకుంటుంది, లోపల బనియన్ వేసుకోండి.