వానాకాలమంతా నిలబెట్టిన స్పోర్టీ కారు: తాళం తిప్పే ముందు ప్రీ-ఆయిలర్ కావాలా?

జూన్‌లో రుతుపవనాలు రాగానే కవర్ కప్పి సెల్లార్‌లో ఓ మూలకి నెట్టేసి, దసరా దాటాక బయటికి తీసే కార్లు మన దగ్గర ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి. ఆక్టేవియా ఆర్ఎస్‌లు, ట్యూన్ చేయించిన పోలోలు, ఎం బ్యాడ్జి ఉన్న బీఎండబ్ల్యూలు, అక్కడక్కడా ఒక పోర్షె. అక్టోబర్ వచ్చేసరికి ఈ ఓనర్లందరికీ ఒకటే టెన్షన్. నాలుగు నెలల్లో ఆయిల్ అంతా కిందికి దిగిపోయి ఉంటుంది కదా, ఇప్పుడు సెల్ఫ్ కొడితే బేరింగులు అరిగిపోతాయేమో, స్టార్ట్ కాకముందే ఇంజిన్‌లోకి ఆయిల్ ఎక్కించే ప్రీ-ఆయిలర్ కిట్ ఒకటి పెట్టించాలేమో అని. సూటిగా చెప్పాలంటే రోడ్డు మీద తిరిగే కారుకి, ఎంత పవర్ ఉన్నదైనా సరే, అది అక్కర్లేదు. ఆ కిట్ చేసే పనిని ఒక ఫ్యూజు తీసి ఉచితంగా చేసుకోవచ్చు. నిజంగా అవసరమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి చివర్లో.

భయంలో కొంత నిజం లేకపోలేదు. ఆయిల్ పంపుని తిప్పేది చాలా ఇంజిన్లలో క్రాంకే (పిస్టన్ల బలంతో తిరిగే ఇరుసు) కాబట్టి ఇంజిన్ ఆగగానే పంపు కూడా ఆగిపోతుంది, పైన హెడ్‌లో, గ్యాలరీల్లో (ఆయిల్ పారే దారుల్లో) ఉన్న ఆయిల్ మెల్లగా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకి దిగుతుంది. కానీ మొత్తం దిగిపోదు. క్రాంక్‌కీ దాని బేరింగుకీ మధ్య ఉండే సందు చాలా ఇంజిన్లలో 0.05 మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది, అంత ఇరుకులో చిక్కుకున్న ఆయిల్ అంత తేలిగ్గా కారిపోదు. పైగా ఆయిల్‌లో కలిపే జింకు, ఫాస్ఫరస్ కూడిన మందు రాపిడి పడే లోహం మీద ముందే ఒక పలచని రక్షణ పొర వేసి ఉంచుతుంది. సెల్ఫ్ కొట్టిన మొదటి కొన్ని చుట్లు ఈ మిగిలిన ఆయిల్ మీదే గడిచిపోతాయి, ఆ వెంటనే, బాగున్న ఇంజిన్ అయితే సెకను రెండు సెకన్లలో, ప్రెజర్ వచ్చేసి డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఆరిపోతుంది. చాలా ఆయిల్ ఫిల్టర్లలో ఒక రబ్బరు వాల్వు కూడా ఉంటుంది, ఇంజిన్ ఆగాక ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపడం దాని పని. నాసిరకం ఫిల్టర్లో ఆ రబ్బరు గట్టిపడిపోతే పొద్దున్నే స్టార్ట్ చేయగానే పైనుంచి కాసేపు టకటకమని చప్పుడు వస్తుంది. అలాంటి చప్పుడు వింటే ప్రీ-ఆయిలర్ కోసం వెతక్కండి, ముందు మంచి ఫిల్టర్ వేయించి చూడండి.

ఇంజిన్ అరుగుదలలో ముప్పావు వంతు స్టార్టింగ్‌లోనే జరుగుతుందని ప్రకటనల్లో ఊదరగొడుతుంటారు, అది వినగానే మన బుర్రలో మెదిలేది ఆ మొదటి రెండు సెకన్లే. కానీ దాని తర్వాత ఇంజిన్ వేడెక్కేదాకా గడిచే పది పదిహేను నిమిషాలు ఎవరికీ గుర్తుండవు. చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ పోతుంది, కాలని పెట్రోలు బోర్ల (పిస్టన్లు కదిలే సిలిండర్ల) గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కింద ఛాంబర్‌లో కలుస్తుంది. నీళ్ల సంగతి ఇంకా విచిత్రం: లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. వేడి ఇంజిన్‌లో అదంతా ఆవిరై సైలెన్సర్ లోంచి పోతుంది, చల్లటి ఇంజిన్‌లో కొంత లోపలే చెమర్చి ఆయిల్‌లో కలుస్తుంది. ప్రీ-ఆయిలర్ దీనికేమీ చేయలేదు.

అందుకే ఊరెళ్తూ వాచ్‌మన్ చేతికి తాళం ఇచ్చి వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి పెట్టు బాబూ అని చెప్పి వెళ్లడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. బండి మీద ప్రేమతోనే చేస్తారు, ఇంజిన్‌కి మాత్రం ప్రతి వారం ఒక చల్లటి స్టార్టు, ఆయిల్‌లోకి ఇంకొంచెం నీళ్లు, ఇంకొంచెం పెట్రోలు. తీస్తే అరగంట రోడ్డు మీద నడిపి ఆయిల్ బాగా వేడెక్కాకే తెచ్చి పెట్టండి, లేదంటే అసలు ముట్టుకోకండి.

నిలబెట్టే ముందు పనులు పెద్దగా లేవు. ఆయిల్ బయటికి తీసేటప్పుడు కాదు, లోపల పెట్టేటప్పుడే మార్చాలి, ఎందుకంటే వాడేసిన ఆయిల్‌లో ఆమ్లాలు, నీళ్లు ఉంటాయి, నాలుగు నెలలు బేరింగులు అందులో నానడం మంచిది కాదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఇథనాల్ తేమని లాగుతుంది, కాబట్టి ట్యాంకు నింపి ఉంచితే లోపల గాలికి చోటు తగ్గుతుంది. బ్యాటరీకి మెయింటెనెన్స్ చార్జర్ తగిలించండి. హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేయకండి, వాన తేమకి ప్యాడ్లు డిస్కులకి పట్టేస్తాయి, చక్రాలకి అడ్డంగా రాళ్లు పెట్టండి చాలు. ఎలుకల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక సెల్లార్‌లోకి నీళ్లొచ్చిన బండ్ల సంగతి వేరు, ఇది గట్టిగానే చెప్పాలి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్లలో నిలబడ్డాయో అందరం చూశాం. నీళ్లు బంపర్ దాటి వచ్చాయన్న అనుమానం ఉన్నా చాలు, సెల్ఫ్ కొట్టకండి, ఒక్కసారి చూద్దాం అని కూడా కొట్టకండి. గాలి నలిగినట్టు నీళ్లు నలగవు, బోర్‌లో నీళ్లుండగా పిస్టన్ పైకొస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఈ స్థితిలో ప్రీ-ఆయిలర్ ఉంటే ఇంకా ప్రమాదం, నీళ్లు కలిసిన ఆయిల్‌నే తీసుకెళ్లి ప్రతి బేరింగుకీ పంచిపెడుతుంది. టోయింగ్ బండి పిలిచి షెడ్‌కి పంపండి, ప్లగ్గులు విప్పి చూశాకే ఏదైనా.

నీళ్ల గొడవ లేని బండికి మొదటి స్టార్టు ఇలా. బానెట్ ఎత్తి ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి, ఎలుకలు గూడు కట్టి ఉంటే అక్కడే కడతాయి. డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డ మీద ఒత్తి వెలుతురులో చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, ఆపేయండి. వాసన కూడా చూడండి, పెట్రోలు గుప్పుమంటే ఆయిల్ మార్చాకే ముందుకి. మట్టం రెండు గీతల మధ్య ఉందా, పై గీత దాటిందా అన్నది కూడా గమనించండి. డ్రై సంప్ ఉన్న (ఆయిల్‌ని వేరే ట్యాంకులో దాచే) కార్లలో, పాత ఎయిర్‌కూల్డ్ పోర్షెల్లో లాగా, అసలు కొలత ఇంజిన్ వేడెక్కి నడుస్తున్నప్పుడే తెలుస్తుంది, చల్లటప్పుడు తక్కువ చూపించిందని కంగారుపడి పోసేయకండి.

బ్యాటరీ నిండుగా ఉందని చూసుకుని ఫ్యూయల్ పంపు ఫ్యూజు గానీ రిలే గానీ తీసేయండి, ఏది అన్నది ఫ్యూజు బాక్సు మూత మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి, ఎనిమిది పది సెకన్లు, తర్వాత సెల్ఫ్ మోటారు చల్లబడటానికి ఒక నిమిషం ఆగండి, మళ్లీ కొట్టండి. పైపుల్లో మిగిలిన పెట్రోలుకి మొదట ఒకటి రెండుసార్లు దగ్గినట్టు అందుకోబోతుంది, పర్వాలేదు. పెట్రోలు లేక ఇంజిన్ అందుకోదు, కానీ క్రాంకూ పంపూ తిరుగుతూనే ఉంటాయి. పేలుడు లేదు కాబట్టి పిస్టన్ల మీంచి బేరింగుల మీద పడే బరువు చాలా తక్కువ, ఆ నిదానపు తిరుగుడులోనే ఆయిల్ ఫిల్టర్ నిండి, గ్యాలరీలు నిండి, పైకి క్యామ్‌ల దాకా చేరుతుంది. మీ కళ్లు మాత్రం ఎర్ర ఆయిల్ లైటు మీద ఉండాలి. రెండో సారికో మూడో సారికో సెల్ఫ్ తిరుగుతుండగానే అది టప్పున ఆరిపోతుంది. ఆరితే ఫ్యూజు పెట్టేసి మామూలుగా స్టార్ట్ చేసుకోండి. నాలుగైదు సార్లు కొట్టినా ఆరలేదంటే సరదాకి కూడా స్టార్ట్ చేయకండి, మెకానిక్‌ని పిలవండి. చాలా కార్లలో యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి సెల్ఫ్ కొట్టినా పెట్రోలు కట్ అవుతుంది, అన్నిట్లోనూ కాదు, పుష్ బటన్ బండ్లలో మాన్యువల్ చూడకుండా ఈ పని చేయొద్దు, ఒకవేళ కట్ కాకపోతే చల్లటి ఇంజిన్ ఒక్కసారిగా ఐదు వేల ఆర్‌పీఎంకి లేస్తుంది.

స్టార్ట్ అయ్యాక రేజ్ చేయకండి. నాలుగు నెలల తర్వాత సైలెన్సర్ సౌండ్ వినాలని ఎంత ఉన్నా సరే. అర నిమిషం ఆగి మెల్లగా బయల్దేరండి, నిలబెట్టి వేడి చేయడం కన్నా నడుపుతూ వేడి చేయడమే తొందరగా అవుతుంది, మూడు వేల లోపు ఉంచండి. మీటర్‌లో కనిపించే ముల్లు కూలెంట్‌ది, ఆయిల్ దానికన్నా చాలా వెనకబడి వేడెక్కుతుంది. ఈ విషయంలో బీఎండబ్ల్యూ ఈ46 ఎం3ని మెచ్చుకోవాలి, ఆర్‌పీఎం మీటర్ చుట్టూ పెట్టిన నారింజ లైట్లు ఆయిల్ వేడెక్కే కొద్దీ ఒక్కొక్కటే ఆరుతూ ఇప్పుడు ఇంకొంచెం తొక్కొచ్చు అని చెప్తాయి.

అమెరికాలో, కెనడాలో చలి ప్రాంతాల్లో ఉన్న మనవాళ్లు వానాకాలం బదులు మంచుకాలం అనుకుని ఇదంతా చదువుకోండి, ఒక్క తేడాతో. అక్కడ ఆయిల్ గ్రేడు చాలా ముఖ్యం. ఆయిల్ డబ్బా మీద డబ్ల్యూ అక్షరం ముందున్న అంకె చలిలో ప్రవర్తనది: 0డబ్ల్యూ ఆయిల్‌ని పంపు లాగగలదా అని మైనస్ 40 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 10డబ్ల్యూని మైనస్ 30 దగ్గర. ఎం3 లాంటి పాత ఎం కార్లకి చెప్పేది 10డబ్ల్యూ-60, మినియాపొలిస్ జనవరిలో దాన్ని సెల్ఫ్ కొట్టి లేపడం కన్నా మార్చి దాకా పడుకోనివ్వడం నయం.

నిజంగా ప్రీ-ఆయిలింగ్ కావాల్సింది ఎవరికంటే, ఓడల ఇంజిన్లకి, పెద్ద జనరేటర్లకి, అది ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. ఫార్ములా వన్ ఇంజిన్లలో సందులు ఎంత బిగువంటే ముందు వేడి చేసి, ఆయిల్ తిప్పి గానీ స్టార్ట్ చేయరు. మన స్థాయిలో తప్పనిసరి అయ్యేది ఓవర్‌హాల్ చేయించినప్పుడు. కొత్త బేరింగుల మీద అసెంబ్లీ గ్రీజు తప్ప ఏమీ ఉండదు, పొడిగా ఉన్న పంపు కింది నుంచి ఆయిల్‌ని లాగలేకపోవచ్చు కూడా. పాత అమెరికన్ వీ8లలో డిస్ట్రిబ్యూటర్ తీసి డ్రిల్ మెషీన్‌తో పంపుని తిప్పేవాళ్లు, ఇప్పటి చాలా ఇంజిన్లలో పంపుని అలా బయటినుంచి తిప్పడం కుదరదు కాబట్టి గాలి ప్రెజర్ పెట్టిన చిన్న ట్యాంకుతో గ్యాలరీలోకి ఆయిల్ ఎక్కించాలి. "సెల్ఫ్ మీదే వచ్చేస్తుంది సార్" అని షెడ్‌లో తేలిగ్గా అంటారు. వినకండి, ప్రెజర్ గేజ్ కట్టించి ముల్లు లేచాకే ప్లగ్గులు బిగించమనండి.

ఇంకోటి ట్రాక్. డిసెంబర్, జనవరిల్లో చెన్నై దగ్గర మద్రాస్ సర్క్యూట్‌కో కోయంబత్తూర్ కారి స్పీడ్‌వేకో వెళ్లే ఆలోచన ఉంటే అక్కడ ప్రమాదం స్టార్టింగ్‌లో కాదు, మలుపుల్లో. మంచి టైర్లతో 1జీ బలంతో (భూమి లాగే బలానికి సమానంగా) మలుపు తిరిగితే ఛాంబర్‌లో ఆయిల్ 45 డిగ్రీలు వాలిపోతుంది, మలుపు పొడవైతే పంపుకి ఆయిల్ లాగే పికప్ పైపు ఆయిల్ వదిలేసి గాలి లాగుతుంది, అదీ ఆరేడు వేల ఆర్‌పీఎం దగ్గర. అక్యూసంప్ లాంటి అక్యుములేటర్లు పుట్టింది ఇందుకే, స్టార్టింగ్ ముందు ఆయిల్ ఇవ్వడం వాటికి అదనంగా వచ్చిన గుణం. ఒక సిలిండరు, లోపల పిస్టన్, ఒకవైపు గాలి, ఇంకోవైపు ఆయిల్. ప్రెజర్ పడిపోగానే గాలి ఆయిల్‌ని ఇంజిన్‌లోకి నెడుతుంది.

దానికన్నా ముందు ఆయిల్ ప్రెజర్ గేజ్ పెట్టించండి. ఎర్ర లైటు అర బార్ లోపు ప్రెజర్‌కే ఆరిపోతుంది, ఆరు వేల దగ్గర అది ఆరి ఉందంటే ఏమీ తెలియనట్టే. ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ ప్రెజర్ ఉండాలన్నది పాతకాలం లెక్కే గానీ ఇప్పటికీ పనికొస్తుంది.

అక్యుములేటర్ పెట్టించారంటే రెండు విషయాలు. కొత్త పైపులు, కొత్త జాయింట్లు అంటే కొత్త లీకులు, వేడి సైలెన్సర్ పైపు పక్క నుంచి లాగనివ్వకండి, కారే ఆయిల్ దాని మీద పడితే మంట. రెండోది దాన్ని ఇంజిన్‌కి కలిపే వాల్వు వరస: స్టార్టింగ్‌కి ముందు తెరవాలి, ఇంజిన్ ఆపే ముందే మూయాలి. మర్చిపోయి ముందు ఇంజిన్ ఆపితే దాచిన ఆయిల్ అంతా ఛాంబర్‌లోకి దిగిపోతుంది, డిప్‌స్టిక్ పై గీత దాటి చూపిస్తుంది, తర్వాతి స్టార్టులో పంపు ఇచ్చే ఆయిల్‌లో కొంత ఖాళీ సిలిండరు నింపడానికే పోయి ప్రెజర్ మామూలు కన్నా ఆలస్యంగా వస్తుంది. అలా జరిగితే ఫ్యూజు తీసి సెల్ఫ్ కొట్టే పద్ధతికే వెళ్లండి, వాల్వు మూసి.