హైదరాబాద్ పోలీసులో మీ కాగితం ఎవరి బల్ల మీదికి పోవాలి: ఒక పాత రైటర్ చెప్పే దారి

నేను సిటీ పోలీసులో కానిస్టేబుల్‌గా చేరి ఏఎస్సైగా రిటైరయ్యాను. మధ్యలో ఎక్కువ కాలం స్టేషన్ రైటర్ కుర్చీలోనే గడిచింది. జనరల్ డైరీ రాయడం, ఎఫ్ఐఆర్ తయారు చేయడం, కోర్టుకు ఫైళ్లు సర్దడం, పైనుంచి వచ్చిన మెమోలకు జవాబులు పంపడం నా పని. అందుకే బంధువుల్లో ఎవరికి పోలీసు పని పడ్డా ముందు నాకే ఫోన్ చేస్తారు. "బాబాయ్, కమిషనర్ సాబ్‌కు ఇవ్వాలా, డీజీపీ సాబ్‌కు ఇవ్వాలా?" అని అడుగుతారు. రెండూ వద్దంటాను. నీ పని ఏ విభాగానిదో ముందు తేల్చుకో, ఆ విభాగంలో నీ కాగితాన్ని విచారించే మనిషి ఎవరో కనుక్కో, పెద్ద సార్ల సంగతి తర్వాత చూద్దాం అంటాను.

ఎందుకంటే, కమిషనర్ ఆఫీసులో ఇచ్చిన పిటిషన్ అక్కడే ఉండిపోదు. దాని మీద ఒక ముద్ర, ఒక నంబరు పడి డిప్యూటీ కమిషనర్‌కు, అంటే డీసీపీకి వస్తుంది. అక్కడ ఇంకో మెమో తగిలించుకుని అసిస్టెంట్ కమిషనర్‌కు, అంటే ఏసీపీకి, అక్కణ్నుంచి ఇన్‌స్పెక్టర్‌కు చేరుతుంది. ఇన్‌స్పెక్టర్ దాని మూల మీద ఒక ఎస్సై పేరు రాస్తాడు. మీరు మొదటి రోజే స్టేషన్‌కు పోయుంటే సాయంత్రానికల్లా అందాల్సిన మనిషికే, వారం పది రోజుల తర్వాత, నాలుగు పిన్నులతో అందుతుంది. పైగా "నా దగ్గరికి రాకుండా పైకి పోయారే" అని ఆయనకు కొంచెం మనసులో ఉంటుంది. ఉండకూడదు, కానీ ఉంటుంది.

ముందు పైనుంచి చూద్దాం. హైదరాబాద్ సిటీకి కమిషనర్ పెద్ద. జిల్లాల్లో ఎస్పీ ఉన్నట్టే ఇక్కడ కమిషనర్ అనుకుంటే సగమే నిజం. జిల్లాలో నిషేధాజ్ఞలు కావాలంటే ఎస్పీ రెవెన్యూ వాళ్లను అడగాలి. ఇక్కడ ఆ మేజిస్ట్రేట్ అధికారం కమిషనర్ చేతిలోనే ఉంటుంది. జనం ఇంకా 144 అనే అంటున్నారు గానీ 2024 జులై 1 నుంచి అది బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 163వ సెక్షన్. ఊరేగింపుకు, బహిరంగ సభకు అనుమతులు పోలీసు శాఖే ఇస్తుంది. తుపాకీ లైసెన్సూ కమిషనర్ ఆఫీసు పనే. జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవాళ్లు అలవాటుకొద్దీ ఈ పనులకు కలెక్టరాఫీసు చుట్టూ తిరుగుతుంటారు. ఈ ఏర్పాటు కొత్వాల్ల కాలం నాటిది, నిజాం రోజుల్లో సిటీ పోలీసు పెద్దను కొత్వాల్ అనేవారు. రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి గారు కొత్వాల్‌గా చేసిన ఊరు ఇది. 1348 ఫసలీ (ఫసలీ అంటే నిజాం కాలపు సంవత్సరాల లెక్క) నాటి హైదరాబాద్ సిటీ పోలీసు చట్టం కింద ఇప్పటికీ పెట్టీ కేసులు రాస్తారు. ఆఫీసు మాత్రం పురానీ హవేలీ నుంచి బషీర్‌బాగ్‌కు, 2022 ఆగస్టులో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్ వచ్చాక బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12కు మారింది. పాత అలవాటుతో బషీర్‌బాగ్‌కు ఆటో మాట్లాడుకునే పెద్దవాళ్లు మా వాడకట్టులో ఇంకా ఉన్నారు.

కమిషనర్ కింద దారులు చీలతాయి. మీ పనిని బట్టి దారి పట్టాలి.

కొట్లాట, బెదిరింపు, దొంగతనం, మోసం, మనిషి కనబడకపోవడం లాంటివన్నీ మామూలు స్టేషన్ పనే. మేం దాన్ని లా అండ్ ఆర్డర్ స్టేషన్ అంటాం. ట్రాఫిక్ స్టేషన్ వేరు. చలానా, ట్రాఫిక్ క్రేన్ ఎత్తుకుపోయిన బండి, తాగి నడిపిన కేసు ట్రాఫిక్ వాళ్లవి. రోడ్డు ప్రమాదంలో మనిషికి దెబ్బలు తగిలితే కేసు లా అండ్ ఆర్డర్ స్టేషన్‌లో కడతారు. ఈ తేడా తెలియక తెల్లచొక్కా వాళ్ల దగ్గర గంటలు కూర్చున్నవాళ్లను చూశాను.

పెద్ద మొత్తాల మోసాలు సీసీఎస్‌కు, అంటే సెంట్రల్ క్రైమ్ స్టేషన్‌కు పోతాయి. చిట్టీల కంపెనీ ఎత్తేసినా, ఫ్లాట్లు కట్టిస్తామని వందల మంది దగ్గర వసూలు చేసినా బాధితులంతా కలిసి అక్కడికే పోవడం మంచిది. టాస్క్‌ఫోర్స్ పేరు పేపర్లో రోజూ చూస్తారు కదా, వాళ్లకు ఫిర్యాదు ఇద్దామనుకోకండి. వాళ్లు పట్టుకుని స్టేషన్‌కు అప్పగిస్తారు, కేసు నడిపేది స్టేషనే. పాస్‌పోర్టు విచారణ స్పెషల్ బ్రాంచ్ పని. అది ఆలస్యమైతే మీ వీధి స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్‌తో గొడవ పెట్టుకుని లాభం లేదు. పేట్లబుర్జులో ఉండే సిటీ ఆర్మ్‌డ్ రిజర్వు వాళ్లు బందోబస్తుకు, ఖైదీల ఎస్కార్ట్‌కు, గార్డులకు. గణేశ్ నిమజ్జనం రోజు మీకు కనిపించే యూనిఫారాల్లో చాలా వాళ్లవే. వాళ్లను అడిగి ఫిర్యాదు సంగతి తేల్చుకోలేరు.

ఆడపిల్లలను వెంటాడి వేధించేవాళ్ల మీద షీ టీమ్స్ ఉన్నాయి, 2014 అక్టోబరు నుంచి. పేరు బయటికి రాకుండా పని చేస్తారు, నా మనవరాళ్లకు ఆ నంబరు ఫోన్లో ఎక్కించి పెట్టాను. చిన్నపిల్లల మీద, స్త్రీల మీద జరిగిన అఘాయిత్యాలకు 2016లో మొదలైన భరోసా కేంద్రం ఉంది. వాంగ్మూలం, కౌన్సెలింగ్, న్యాయ సలహా ఒకే చోట దొరుకుతాయి.

సిటీ పోలీసు కానివి కూడా గుర్తుంచుకోండి. రైల్లో సంచి పోతే అది రైల్వే పోలీసులది. ప్రభుత్వ ఉద్యోగి లంచం అడిగితే ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ, నంబరు 1064. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే స్టేషన్‌కు బయల్దేరకముందే 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ ఉంటుంది. మీరు చెప్పులు వేసుకుని, పక్కింటాయన్ని తోడు తీసుకుని స్టేషన్‌కు చేరేలోపు అది నాలుగు రాష్ట్రాలు దాటుతుంది. ముందు ఫోన్, ఆ తర్వాతే కాగితం.

ఇక స్టేషన్ సంగతి. ఊళ్లలో స్టేషన్‌కు ఎస్సై పెద్ద, సీఐ పైన సర్కిల్ చూస్తాడు. సిటీలో స్టేషన్ హౌస్ ఆఫీసర్ ఇన్‌స్పెక్టరే. కాబట్టి ఫిర్యాదు ఎప్పుడూ "స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి" అని రాయండి. మనిషి పేరు రాయొద్దు, రేపు ఆయన బదిలీ అయిపోవచ్చు. స్టేషన్‌లో ఇంకో ఇన్‌స్పెక్టర్ కూడా కనబడతాడు, ఆయన్ను డీఐ, అంటే డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ అంటారు. నేరాల దర్యాప్తు ఆయన చూస్తాడు. ఇక ఏరియాను సెక్టార్లుగా విడదీసి సెక్టార్‌కో ఎస్సైని పెడతారు. పక్కింటివాళ్లతో గోడ తగాదా, రోజూ అర్ధరాత్రి డీజే, వీధి చివర తాగుబోతుల పంచాయతీ లాంటివాటికి మీ సెక్టార్ ఎస్సై తెలిసి ఉంటే చాలు. ఆ పేరు స్టేషన్‌లో అడిగితే చెబుతారు. రాత్రిపూట 100కు గానీ 112కు గానీ ఫోన్ చేస్తే వచ్చేది పెట్రోల్ కారు, లేదంటే మోటార్ సైకిల్ మీద తిరిగే బ్లూకోల్ట్స్ కానిస్టేబుళ్లు. వాళ్లు గొడవ ఆపుతారు. కేసు కావాలంటే పొద్దున మీరు స్టేషన్‌కు పోవాల్సిందే.

లోపలికి పోగానే గేటు దగ్గర సెంట్రీ, తర్వాత రిసెప్షన్. ఆ తర్వాత ఎవరూ మీకు చెప్పని మనిషి రైటర్. మీ కాగితం ఏ రిజిస్టర్‌లో ఎక్కింది, ఎవరికి రాశారు, కోర్టుకు పోయిందా లేదా, అన్నీ ఆయనకు తెలుసు. నా కుర్చీ అని గొప్ప చెప్పుకోవడం లేదు (కొంచెం చెప్పుకుంటున్నాను కూడా). ఇన్‌స్పెక్టర్ బందోబస్తులో ఉంటాడు, ఎస్సై కోర్టులో ఉంటాడు, రైటర్ మాత్రం సీట్లో ఉంటాడు. ఆయనతో మర్యాదగా మాట్లాడితే మీకు సగం తిరుగుడు తగ్గుతుంది.

ఎదురుగా ఉన్నది ఎవరో భుజం చూసి పోల్చుకోవచ్చు. ఒక నక్షత్రం, భుజం చివర ఎరుపు నీలం రిబ్బన్ ఉంటే ఏఎస్సై. రెండు నక్షత్రాలు, అదే రిబ్బన్ అయితే ఎస్సై. మూడు నక్షత్రాలు, రిబ్బన్ అయితే ఇన్‌స్పెక్టర్. జనం పొరబడేది ఇక్కడే: మూడు నక్షత్రాలు ఉండి రిబ్బన్ లేకపోతే ఆయన ఏసీపీ. నాలుగు సింహాల గుర్తు ఒక్కటే ఉంటే అడిషనల్ డీసీపీ. సింహాల గుర్తు కింద ఒక నక్షత్రమో రెండో ఉంటే డీసీపీ, మూడుంటే డీఐజీ హోదా, సిటీలో జాయింట్ కమిషనర్ స్థాయి. కత్తి, కర్ర అడ్డంగా ఉన్న గుర్తు కనబడితే ఐజీ, ఆ పై హోదాలు. హోంగార్డుకు ఇవేవీ ఉండవు, దర్యాప్తు అధికారమూ ఉండదు. "నేను చూసుకుంటా, కేసు కాకుండా చేస్తా" అని హోంగార్డు చెబితే నమ్మకండి. ఆ మాటకొస్తే ఎవరు చెప్పినా నమ్మకండి.

హోదాలు ఎందుకు తెలియాలంటే, చట్టం పుస్తకంలో రాసిన పేర్లు వేరు, సిటీలో పిలిచే పేర్లు వేరు. చట్టంలో ఎస్పీ అని ఉంటే సిటీలో డీసీపీ అని చదువుకోవాలి. డీఎస్పీ అని ఉంటే ఏసీపీ. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసులు డీఎస్పీకి తక్కువ కాని అధికారే దర్యాప్తు చేయాలి, అంటే మీ వాంగ్మూలం ఏసీపీ స్థాయి అధికారి తీసుకోవాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేస్తామని ఇన్‌స్పెక్టర్ అంటే, దానికి ఏసీపీ అనుమతి ఉండాలి, 14 రోజుల్లో ముగించాలి. "ఏసీపీ గారి పర్మిషన్ ఏ తేదీన తీసుకున్నారు సార్?" అని మెల్లగా అడగండి. గొంతు పెంచాల్సిన పని లేదు, ఆ ప్రశ్న చాలు.

మీ స్టేషన్ ఏదో ఖాయం చేసుకోవడం ఇంకో తలనొప్పి. రోడ్డుకు ఈ పక్క ఒక స్టేషన్, ఆ పక్క ఇంకోటి. 2023లో ఐదు జోన్లను ఏడు చేసి, సౌత్ ఈస్ట్, సౌత్ వెస్ట్ అని కొత్తవి పెట్టారు, కొత్త స్టేషన్లూ వచ్చాయి. హద్దులు మారుతూనే ఉంటాయి కాబట్టి పదేళ్ల కిందట మీ అన్న పోయిన స్టేషనే మీదీ అనుకోవద్దు. కొండాపూర్‌లో ఉండి హైదరాబాద్ కమిషనర్‌కు రాస్తే ఆ కాగితం సైబరాబాద్‌కు పోవాల్సిందే, అది వేరే కమిషనరేట్. ఇంత గందరగోళంలో ఒక మంచి మాట ఉంది: కేసు కట్టదగ్గ నేరమైతే ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వచ్చు, వాళ్లు జీరో ఎఫ్ఐఆర్ కట్టి సరైన స్టేషన్‌కు పంపాలి. "మా ఏరియా కాదు" అనే జవాబు చట్టం ఒప్పుకోదు. ఫోన్ నుంచి ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో పోయి సంతకం పెట్టాలి.

ఫిర్యాదు ఒక పేజీ దాటనివ్వకండి. పైన తేదీ, మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు. తర్వాత ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు. చూసినవాళ్లు ఉంటే వాళ్ల పేర్లు, పోయిన వస్తువు ఉంటే దాని గుర్తులు. సెక్షన్లు మీరు రాయొద్దు, అవి మేం పెట్టుకుంటాం. పెళ్లినాటి నుంచి జరిగిన కథంతా మొదటి పేరాలో పెడితే చదివే ఎస్సై మూడో పేరాకు చేరకముందే ఇంకో ఫోన్ వస్తుంది. మొన్నటి దెబ్బ ముందు రాయండి, పాత సంగతులు కింద రాయండి. రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

కేసు కడితే ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అందులో క్రైమ్ నంబర్, దర్యాప్తు అధికారి పేరు చూసుకుని రాసి పెట్టుకోండి. ఇకపై స్టేషన్‌కు ఫోన్ చేసినప్పుడు "నా కేసు ఏమైంది" అనకండి. క్రైమ్ నంబర్ చెప్పి ఆ అధికారిని అడగండి. 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో మీకు తెలియజేయాలని కొత్త చట్టం చెబుతోంది.

కట్టకపోతే? అప్పుడు పైకి పోవాలి, వరసలో పోవాలి. ముందు ఏసీపీని కలవండి. డివిజన్‌లో రెండు మూడు స్టేషన్లే ఉంటాయి కాబట్టి ఆయనకు మీ సంగతి వినే తీరిక డీసీపీ కన్నా ఎక్కువ. ముద్ర పడిన కాపీ చూపించండి. అదీ కుదరకపోతే ఫిర్యాదు సారాంశం రాసి డీసీపీకి స్పీడ్ పోస్టులో పంపండి. ఇది మొక్కుబడి ఉత్తరం కాదు, బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ చెప్పిన మెట్టు. ఆ మెట్టు ఎక్కకుండా నేరుగా కోర్టుకు పోతే మేజిస్ట్రేట్ ముందు అడిగేది "డీసీపీకి పంపారా?" అనే. పంపిన రసీదు, స్టేషన్ ముద్ర ఉన్న కాపీ, ఒక అఫిడవిట్ కలిపి వకీలు చేత దరఖాస్తు వేయిస్తే, కేసు కట్టి దర్యాప్తు చేయమని స్టేషన్‌ను ఆదేశించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది. ఆ ఆర్డర్ వచ్చాక కాగితం మళ్లీ అదే స్టేషన్‌కు, అదే రైటర్ బల్ల మీదికి వస్తుంది. ఈసారి మాత్రం ఆ రోజే నంబరు పడుతుంది.