కాగితంతో క్రిస్మస్ కేలండర్ – 2వ పాఠం: తలుపులు

డిసెంబరు 1 నుంచి 24 వరకు రోజుకొక కాగితం తలుపు తెరిచి, దాని వెనకున్న చిన్న బొమ్మను చూసే కేలండర్ ఇది. గత పాఠంలో పిల్లలు ఎ3 డ్రాయింగ్ షీటు మీద వేసిన బొమ్మ ఈపాటికి బాగా ఆరి ఉంటుంది. దాని మీద లేత పెన్సిలు గీతలతో అడ్డంగా ఆరు, నిలువుగా నాలుగు చొప్పున 24 గడులు గీసుకున్నాం. ఒక్కో గడి నాలుగున్నర సెంటీమీటర్ల చదరం. గడుల మధ్య వదిలిన రెండు సెంటీమీటర్ల ఎడాన్ని ఎవరూ తగ్గించుకోలేదనే అనుకుంటాను. వచ్చే పాఠంలో జిగురు పూసేది అక్కడే.

ఈ పాఠంలో ఆ గడులను తలుపులుగా మారుస్తాం. ముందు అంకెలు రాయించండి. కోత అయ్యాక రాస్తే పెన్ను ఒత్తిడికి తలుపు లోపలికి దిగిపోతుంది. అంకెలు వరుసగా ఉండకూడదు: 7 పక్కన 19, దాని కింద 2. ఈ రోజు తలుపు ఎక్కడుందో వెతుక్కోవడంలోనే సగం ఆట ఉంది. పిల్లల చేతిరాత వంకరగా ఉన్నా దిద్దకండి. అచ్చు అంకెలు అతికించిన కేలండర్ ఎంత నీటుగా ఉన్నా అందులో పిల్లల చేయి కనిపించదు.

ఒకటో తేదీ నుంచే ఎందుకని పిల్లలు అడుగుతారు. క్రిస్మస్ కోసం ఎదురుచూస్తూ చర్చి పాటించే ఆగమన కాలం క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారం మొదలవుతుంది. అది నవంబరు 27, డిసెంబరు 3 మధ్య ఏ రోజైనా కావచ్చు. ఏటా మారే తేదీకి తలుపులు లెక్కపెట్టడం కష్టం కాబట్టి అచ్చు కేలండర్లు డిసెంబరు 1 నుంచి 24 వరకు స్థిరపడ్డాయి. 20వ శతాబ్దం తొలినాళ్లలో జర్మనీలోని మ్యూనిక్‌లో గెర్‌హార్డ్ లాంగ్ అనే ప్రచురణకర్త అచ్చు వేసిన మొదటి కేలండర్‌కు అసలు తలుపులే లేవు. ఒక షీటు మీది 24 బొమ్మలను రోజుకొకటి చొప్పున కత్తిరించి, రెండో షీటు మీది గడుల్లో అతికించుకోవాలి. తలుపులు తర్వాత వచ్చాయి.

అంకెలు ఆరాక వెనక షీటును, అంటే తలుపుల వెనక కనిపించే చిన్న బొమ్మలు అతికించే రెండో షీటును, తీసుకోండి. బొమ్మ షీటును దాని మీద అంచులు కలిసేలా పెట్టి, నాలుగు వైపులా క్లిప్పులు బిగించండి. అడుగున మందపాటి అట్ట వేసి, ప్రతి గడి నాలుగు మూలల్లోనూ గుండుసూదితో రెండు షీట్లూ దిగేలా పొడవాలి. మొత్తం 96 పోట్లు. ఓపిక ఉన్న పిల్లలకు ఇది ఎంతో ఇష్టమైన పని, పెద్దలు పక్కన కూర్చుంటే చాలు. షీట్లు విడదీస్తే ఏ తలుపు వెనక ఏ చోటు ఉందో వెనక షీటు మీది చుక్కలే చెబుతాయి. ఇది చేయకుండా అంచనాతో బొమ్మలు అతికిస్తే, తలుపు తీసినప్పుడు నక్షత్రం సగమే కనిపిస్తుంది.

ఇక కోత. ఇది పెద్దలే చేయాలి. బొమ్మ షీటును మాత్రమే అట్ట మీద పరిచి, స్టీలు స్కేలు ఆనించి కటర్‌తో మూడు వైపులే కోయండి. నాలుగో వైపు, అంటే ఎడమ వైపు, తలుపుకు బందు. కటర్ మొనను సూది పోటులో పెట్టి గీత మధ్య వరకు లాగండి. తర్వాత షీటు తిప్పి, రెండో మూల నుంచి మళ్లీ మధ్యకే లాగండి. ఒక మూల నుంచి ఇంకో మూలకు ఒకే ఊపున లాగితే కోత మూల దాటిపోతుంది. ఒక్కసారే గట్టిగా నొక్కడం కన్నా తేలికగా రెండు మూడు సార్లు లాగితే అంచు చిరగకుండా వస్తుంది.

కుడి అంచు దగ్గర మాత్రం రెండు కోతలూ కలవనివ్వకండి. సరిగ్గా మధ్యలో రెండు మిల్లీమీటర్లు కోయకుండా వదలండి. ఆ చిన్న ముడే తన రోజు వచ్చేదాకా తలుపును మూసి ఉంచుతుంది. ఆ రోజున చిట్టి వేలు లాగగానే అది టప్‌మని తెగుతుంది. పిల్లలు ఎదురుచూసేది ఆ చప్పుడు కోసమే. ముడి మూడు మిల్లీమీటర్లు దాటితే కాగితం చీలి బొమ్మ పాడవుతుంది.

బందు దగ్గర కటర్ తగలకూడదు. సిరా అయిపోయిన బాల్‌పెన్నును స్కేలు వెంట ఒకసారి నొక్కి లాగితే చాలు, తలుపు ఆ గీత మీదే మడతపడుతుంది. కొన్ని షీట్లలో మడత ఎంత జాగ్రత్తగా వేసినా గరుకుగా వస్తుంది. కాగితంలోని నార ఒక దిశలో పరుచుకుని ఉండడమే అందుకు కారణం. మిగిలిన ముక్కను రెండు దిశల్లోనూ మెల్లగా వంచి చూడండి. ఏ దిశలో తేలికగా వంగితే ఆ మడత గీత వెంబడే నార ఉన్నట్టు. మీ బందులు నారకు అడ్డంగా పడ్డాయని తేలితే కంగారు వద్దు, బాల్‌పెన్నుతో ఇంకోసారి లాగండి.

కోత పూర్తయ్యాక పెన్సిలు గీతలను బందు వైపు నుంచి మెల్లగా రుద్ది తుడవండి. షీటును బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి.

వచ్చే పాఠానికి 24 చిన్న బొమ్మలు కావాలి, ఒక్కోటి నాలుగు సెంటీమీటర్లలోపు. వాటిని వేసిన పిల్లలే తలుపులు తెరిస్తే వాళ్లకు తెలియనిది ఏమీ మిగలదు. అందుకే ఇద్దరు పిల్లలుంటే రెండు కేలండర్లు చేయించి, ఒకరి వెనక షీటు ఇంకొకరికి అప్పగించండి. ఒక్కరే ఉంటే వెనక షీటు మీ పని. పిల్లలు నిద్రపోయాక వేయండి, అతికించేదాకా బీరువాలో దాచండి.