అడుగులతో శాంతి చిత్రం: ప్రేక్షకుల ముందే భారీ కుడ్యచిత్రం

అందరూ కలిసి ఆడుతూ రంగులు తొక్కే ప్రదర్శనల్లో చాలాసార్లు చివరికి మిగిలేది బురద రంగే. అందుకే బొమ్మను ముందే కాన్వాస్‌మీద గీసి కప్పేసి, దానిమీద ఆడించాలి.

20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున్న మందపాటి కాటన్ కాన్వాస్ తీసుకోండి. అంచులు మడిచి కుట్టించి, అడుగున్నరకొక ఐలెట్ (తాడు దూర్చే లోహపు కన్నం) వేయించండి. నేలమీద నాలుగువైపులా బిగించి కట్టాకే తెల్లటి అక్రిలిక్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) రెండు కోట్లు వేయాలి, లేదంటే గుడ్డ ముడుచుకుపోతుంది. ప్రైమర్ ఐదు లీటర్లు దగ్గర పెట్టుకోండి.

మర్నాడు సుద్దతో గళ్లు కొట్టి పెద్ద పావురాన్ని గీయండి. లోపలంతా అంటుకునే ప్లాస్టిక్ షీటుతో, అంచుల్ని మాస్కింగ్ టేపుతో కప్పేయండి. టేపు అంచు వెంట అదే ప్రైమర్‌ను పలచగా రాసి ఆరనివ్వండి. సందుల్లోకి ముందు తెలుపే దిగుతుంది కాబట్టి తర్వాత రంగు పాకదు. ఓపిక పట్టాల్సిన పని ఇదే.

విషరహితమని లేబుల్ ఉన్న అక్రిలిక్ రంగులు ఆరు లీటర్లు చాలు. వెడల్పాటి ట్రేలలో స్పాంజి పరిచి, దానిమీద రంగు పోయండి. పాదానికి పట్టాల్సినంతే పడుతుంది, జారడమూ తగ్గుతుంది. కాళ్లకు గాయాలున్నవాళ్లను దింపవద్దు.

ఏ రెండు వర్గాల మధ్య సఖ్యత కోరుతున్నారో, వాళ్లలోంచి ఒక్కొక్కరిని జత చేయండి. జతకు ఒకే ట్రే. అందులో పాదాలు అద్దుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకునే కాన్వాస్‌మీద నడవాలి. అప్పుడే శాంతి నినాదంగా మిగలకుండా నడకలో కనిపిస్తుంది. ఒకేసారి మూడు జతలకు మించకూడదు. డ్రమ్ము తాళం నెమ్మదిగా ఉండాలి, వేగం పెరిగితే పడిపోతారు.

ముందు పసుపు, నారింజ. అవి ఆరడానికి అరగంట ఆగి, నీలం, ఊదా. తడి పసుపుమీద ఊదా పడిందంటే మట్టిరంగే. ఆ విరామంలో పాటో, నాటికో పెట్టండి. రంగు ఎండకముందే పాదాలు కడిగించండి.

చివరి రంగు వేలికి అంటకుండా, నొక్కితే ఇంకా మెత్తగా ఉన్నప్పుడే టేపును వెనక్కి మడిచి మెల్లగా లాగాలి. పూర్తిగా ఎండితే రంగు పొర చిరిగి అంచు పెచ్చులూడుతుంది. లాగే పని ఆ జతలకే ఇవ్వండి, తెల్ల పావురం వాళ్ల చేతుల్లోనే బయటపడాలి. రంగు కారదని తేలాకే కాన్వాస్‌ను పైకెత్తి కట్టండి.

దాచేటప్పుడు రెండు రోజులు ఆరనిచ్చి, బటర్ పేపర్ పరిచి, రంగు బయటికి ఉండేలా లావుపాటి పైపుకు చుట్టండి.