కళాశాల ఖర్చు, పట్టభద్రుల సంపాదన – మూడవ పాఠం: ఆ జీతం ఎంతమందికి వచ్చింది?

గత పాఠంలో ఇంజనీరింగ్ చదువుకు నాలుగేళ్లలో అయ్యే మొత్తం ఖర్చును లెక్కగట్టడం నేర్చుకున్నాము. బెంగళూరులో ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు కేసీఈటీ (కర్ణాటక ప్రభుత్వ ప్రవేశ పరీక్ష) సీటుతోను, మరొకరు కామెడ్‌కే (ప్రైవేటు కళాశాలల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) సీటుతోను చేరి ఉంటే వారి ఫీజుల మధ్య చాలా తేడా ఉంటుందని అక్కడ చూశాము. కనీసం ఏడేళ్లు కర్ణాటకలో చదివి, పదో తరగతి గాని పన్నెండో తరగతి గాని ఇక్కడే ఉత్తీర్ణులైన పిల్లలకు కేసీఈటీలో ప్రభుత్వ సీట్లకు అర్హత ఉంటుంది. కాబట్టి ఇంటర్మీడియట్‌కు విజయవాడ పంపదలచిన ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు ముందుగా ఆ ఏడేళ్ల లెక్క చూసుకోవాలి. ఇక రాబడి వైపుకు వద్దాము.

కౌన్సెలింగ్ రోజులలో హోర్డింగుల మీద కనిపించే అత్యధిక ప్యాకేజీ ఒక్క విద్యార్థికి వచ్చినది. దానిని లెక్కలోకి తీసుకోవద్దు. సగటు జీతం కూడా నమ్మదగినది కాదు, ఎందుకంటే ఇద్దరు ముగ్గురికి వచ్చిన పెద్ద జీతాలే దానిని పైకి లాగేస్తాయి. మనకు కావలసినది మధ్యస్థ జీతం, అంటే ఉద్యోగం పొందినవారిని జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్నవారి జీతం. 2016 నుంచి ఏటా విద్యాసంస్థలకు ర్యాంకులు ప్రకటిస్తున్న కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు కళాశాలలు సమర్పించే పత్రాలలో ఈ అంకె ఉంటుంది. ఆ పత్రాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మొదటి సంవత్సరంలో చేరినవారు, నిర్ణీత కాలంలో ఉత్తీర్ణులైనవారు, ఉద్యోగం పొందినవారు, వారి మధ్యస్థ జీతం, పైచదువులకు వెళ్లినవారు అనే గడులు ఒకే పట్టికలో వరుసగా కనిపిస్తాయి. చాలామంది జీతం గడి ఒక్కటే చూసి పత్రం మూసేస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది చేరినవారి గడి.

ఎందుకో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాము. ‘అ’ కళాశాలలో 240 మంది చేరారు, 168 మంది సకాలంలో ఉత్తీర్ణులయ్యారు, 96 మందికి ఉద్యోగాలు వచ్చాయి, 24 మంది పైచదువులకు వెళ్లారు. మధ్యస్థ జీతం 6 లక్షలు. ‘ఆ’ కళాశాలలో 120 మంది చేరారు, 102 మంది ఉత్తీర్ణులయ్యారు, 80 మందికి ఉద్యోగాలు వచ్చాయి, 10 మంది పైచదువులకు వెళ్లారు. మధ్యస్థ జీతం 4 లక్షల 80 వేలు. పైపైన చూస్తే ‘అ’ మెరుగు. అయితే మధ్యస్థం అంటే నడిమి అంకె కనుక, 6 లక్షలు గాని అంతకు మించి గాని పొందినవారు 96లో సగం, అంటే 48 మంది. చేరిన 240 మందిలో వీరు ఐదుగురికి ఒకరు. ‘ఆ’ కళాశాలలో తమ మధ్యస్థాన్ని అందుకున్నవారు 40 మంది, అంటే చేరిన ముగ్గురిలో ఒకరు. పైచదువులకు వెళ్లినవారిని మినహాయించి లెక్కించినా ఈ నిష్పత్తులు 22 శాతం, 36 శాతంగానే తేలుతాయి. తమంతట తాము ఉద్యోగం వెతుక్కున్న కొందరు ఈ పట్టికకు ఎక్కకపోయి ఉండవచ్చు. అయినా ఇంటిల్లిపాదీ కష్టపడి కూడబెట్టిన డబ్బును అలాంటి ‘ఉండవచ్చు’ మీద పెట్టమని నేను చెప్పలేను.

ఇప్పుడు ఖర్చును కలుపుదాము. హాస్టలుతో సహా నాలుగేళ్లకు ‘అ’లో 14 లక్షల 80 వేలు, ‘ఆ’లో 9 లక్షల 60 వేలు అవుతాయనుకుందాము. తేడా 5 లక్షల 20 వేలు. జీతాల తేడా ఏడాదికి 1 లక్షా 20 వేలు. మొదటిదానిని రెండోదానితో భాగిస్తే, అదనంగా పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి సుమారు నాలుగేళ్ల నాలుగు నెలలు పడుతుందని తేలుతుంది. ఇది కూడా మీ అబ్బాయి గాని అమ్మాయి గాని ఐదుగురిలో ఆ ఒక్కరైతేనే. బ్యాంకు రుణం తీసుకుంటే వడ్డీ దీనికి అదనం.

పైగా 6 లక్షల సీటీసీ (కంపెనీ ఒక ఉద్యోగిపై ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంటే నెలకు 50 వేలు చేతికి వస్తాయని అర్థం కాదు. ఆఫర్ లెటరుకు జతచేసిన జీతం పట్టికను ఒక్కొక్క వరుసే చదవండి: యజమాని వాటాగా మూల వేతనంలో 12 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ పేరిట సుమారు 4.81 శాతం, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే, ఒక్కసారి మాత్రమే ఇచ్చే జాయినింగ్ బోనస్ అన్నీ ఆ మొత్తంలోనే కలిసి ఉండవచ్చు. వీటిని తీసివేసి, ఉద్యోగి వాటా పీఎఫ్ కూడా మినహాయించాక మిగిలినదే ఇంటద్దెకు, రుణం వాయిదాకు పనికివస్తుంది.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ పట్టికలో పెద్ద లోపం ఒకటుంది. నాలుగేళ్ల కోర్సులన్నిటినీ అది కలిపే చూపుతుంది కనుక, కంప్యూటర్ సైన్స్ జీతాల చాటున సివిల్, మెకానికల్ బ్రాంచీల పరిస్థితి కనపడదు. కళాశాలకు వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ అధికారిని బ్రాంచి వారీగా చేరినవారి సంఖ్య, ఉద్యోగం పొందినవారి సంఖ్య అడగండి. శాతాలు వద్దని, సంఖ్యలే కావాలని స్పష్టంగా చెప్పండి. శాతాలలో ‘అర్హులైన విద్యార్థులు’ అనే మాట దాగి ఉంటుంది, అంటే చేరినవారందరినీ కాక కొందరినే లెక్కలోకి తీసుకొని ఉండవచ్చు. అమెరికా విద్యాశాఖ నడిపే కళాశాలల సమాచార వెబ్‌సైటు కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో ఒక మంచి పద్ధతి ఉంది: ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సహాయం పొందిన విద్యార్థులలో, చదువు మధ్యలో మానేసినవారిని కూడా కలుపుకొని, చేరిన పదేళ్ల తరువాతి సంపాదనను అది చూపుతుంది. మన పట్టికలో ఉన్నది తొలి ఉద్యోగపు జీతమే.

అభ్యాసం: మీరు పరిశీలిస్తున్న రెండు కళాశాలల ఎన్‌ఐఆర్‌ఎఫ్ పత్రాలను దించుకొని, గత మూడు బ్యాచ్‌లకూ ఉద్యోగం పొందినవారిలో సగాన్ని చేరినవారి సంఖ్యతో భాగించండి. రెండో సంవత్సరంలో నేరుగా చేరిన డిప్లొమా విద్యార్థులకు పట్టికలో వేరే గడి ఉంటుంది; వారిని చేరినవారితో కలపడం మరువవద్దు. మూడు బ్యాచ్‌లలో ఒక్కదాని అంకె మిగతా రెంటికీ చాలా దూరంగా ఉంటే ఆ ఏడాదిని విడిగా గుర్తుపెట్టి ఉంచండి. నాలుగో పాఠంలో విద్యారుణం వడ్డీని ఈ లెక్కకు జోడించేటప్పుడు మీరు ఇదంతా రాసుకున్న కాగితం అవసరమవుతుంది.