క్లాసికల్ ఏజ్ ఆలస్యమవుతోందా? ముందు టౌన్ సెంటర్ మీద క్లిక్ చేయండి

హనుమకొండ, కాజీపేట హాస్టళ్ళలో ఏజ్ ఆఫ్ మైథాలజీ (ఊరు కట్టి, సైన్యం పెంచి శత్రువును ఓడించే కంప్యూటర్ గేమ్) ఆడే తమ్ముళ్ళు ఓడిపోగానే అడిగేది సైన్యం గురించే. "అన్నా, మినోటార్లు మంచివా, సెంటార్లు మంచివా?" అని. రికార్డెడ్ గేమ్ తెరిచి చూస్తే పురాణాల జీవులైన ఆ మిథ్ యూనిట్లు రెండూ పుట్టకముందే ఆట చేజారిపోయి ఉంటుంది. అదీ ఎక్కడో కాదు, ఊరి ప్రధాన భవనమైన టౌన్ సెంటర్ దగ్గర.

2002లో వచ్చిన అసలు గేమ్ ఆడినా, 2024లో వచ్చిన దాని కొత్త రూపం రీటోల్డ్ ఆడినా ఈ ఒక్క భవనం మీదే భారమంతా. పనివాళ్ళయిన విలేజర్లు పుట్టేది ఇక్కడే. ఏజ్ (క్లాసికల్, హీరోయిక్, మిథిక్ అని వరసగా ఎక్కే దశ) మారేదీ, ఆ మార్పుతో పాటు ఏ మైనర్ గాడ్‌ను (చిన్న దేవుణ్ణి) కొలవాలో ఎంచుకునేదీ ఇక్కడే. ఫుడ్, వుడ్, గోల్డ్ తెచ్చి దించొచ్చు, శత్రువు వస్తే లోపల దాక్కోవచ్చు. అందుకే దీంట్లో చిన్న తేడా వచ్చినా అది ఒకచోట ఫుడ్ కొరతలా, ఇంకోచోట సైన్యం బలహీనతలా కనిపిస్తుంది. అసలు కారణం వదిలేసి అందరూ వేరేచోట వెతుకుతారు. యూనిట్లను నడపడం, విలేజర్లను పనికి పెట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: ఫుడ్ ఉంది, ఏజ్ బటన్ మాత్రం వెలగట్లేదు

కట్టాల్సిన భవనం కట్టలేదు, అంతే. క్లాసికల్‌కు టెంపుల్, హీరోయిక్‌కు ఆర్మరీ, మిథిక్‌కు మార్కెట్ పూర్తయి ఉండాలి. సగం కట్టి విలేజర్‌ను కట్టెలకు పంపేసినా బటన్ వెలగదు. గేమ్‌లో బగ్ ఉందని అనుకునే ముందు దయచేసి టెంపుల్ పూర్తయిందో లేదో చూడండి.

సమస్య: పదిమంది వేటలో ఉన్నా క్లాసికల్‌కు కావాల్సిన 400 ఫుడ్ కూడట్లేదు

దీని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందిని ముంచింది ఇదే. "అన్నా, ఫుడ్ ఎటు పోతుందో సమజైతలేదు" అంటారు. వేటగాళ్ళను పెంచుతారు, బెర్రీల దగ్గరికి ఇంకో ఇద్దరిని పంపుతారు. అయినా పైన అంకె 200 దగ్గరే ఊగుతుంటుంది. పక్కవాడు క్లాసికల్ దాటి మిథ్ యూనిట్ తీస్తుంటాడు.

ఫుడ్ ఎటూ పోలేదు. టౌన్ సెంటర్ క్యూలో కూర్చుని ఉంది.

ఈ గేమ్‌లో విలేజర్ బయటికి వచ్చినప్పుడు డబ్బు కట్టడం ఉండదు. మీరు క్యూలో వేసిన క్షణమే కట్ అవుతుంది. గ్రీకు విలేజర్‌కు 50 ఫుడ్. మాటిమాటికీ టౌన్ సెంటర్‌కు రావడం ఎందుకని ఒకేసారి ఐదుగురిని వేశారనుకోండి, అక్కడికక్కడే 250 పోయింది. తయారవుతున్నది ఒక్కడే, మిగతా నలుగురి 200 ఫుడ్ ఊరికే లోపల పడి ఉంది. మీ దగ్గర 450 ఉన్నప్పుడు ఒక్కడినే వేస్తే 400 మిగులుతుంది, వాడు బయటికి రాగానే ఏజ్ మొదలవుతుంది. అదే ఐదుగురిని వేస్తే 200 మిగులుతుంది, ఇంకో 200 వేటాడాలి. ఈలోపు క్యూ అయిపోతే టెన్షన్‌లో మళ్ళీ ఐదుగురిని వేస్తారు. అలా 400 ఎప్పటికీ కూడదు.

ఇందులోనే ఇంకో మోసం ఉంది. ఎలాగో 400 కూడింది, ఏజ్ బటన్ నొక్కారు, శబ్దం వచ్చింది, ఫుడ్ తగ్గింది. పని అయిపోయిందనుకుని అడవి వైపు వెళ్ళిపోతారు. కానీ టౌన్ సెంటర్ ఒకసారి ఒక్క పనే చేస్తుంది. ముందు నలుగురు విలేజర్లు లైన్‌లో ఉంటే ఏజ్ వాళ్ళ వెనకే నిలబడుతుంది. ఒక్కొక్కరికి ఇంచుమించు పదిహేను సెకన్లు వేసుకున్నా నిమిషం పోయినట్టే. టౌన్ సెంటర్‌ను బలపరిచే ఫోర్టిఫై లాంటి అప్‌గ్రేడ్లు తర్వాత వస్తాయి కానీ అవీ ఇదే లైన్‌లో నిలబడతాయి. హీరోయిక్ నుంచి మిథిక్‌కు 1000 ఫుడ్, 1000 గోల్డ్ కట్టి, ముందున్న అప్‌గ్రేడ్ అయ్యేదాకా ఆ సొమ్మంతా కట్టేసుకుని కూర్చున్నవాళ్ళను చాలామందిని చూశాను. అదే సొమ్ము చేతిలో ఉంటే ఈలోపు వచ్చిన దాడిని ఆపేవాళ్ళు.

రీటోల్డ్ ఆడేవాళ్ళు ఇంకొకటి చూడాలి: ఆటో క్యూ. విలేజర్ల మీద దాన్ని ఆన్‌లో పెడితే ఒకడు రాగానే ఇంకొకడి కోసం ఫుడ్ తీసేసుకుంటుంది. మొదటి నిమిషాల్లో ఇది నిజంగా మంచి సౌకర్యం, వాడొద్దని నేను ఎప్పుడూ చెప్పను. కానీ ఏజ్‌కు ఫుడ్ దాచుకునే వేళ అదే శత్రువు. మీరు మార్చిందేమీ లేదు కాబట్టి అనుమానం దానిమీదికి పోదు.

ముందు రోగం ఇదో కాదో తేల్చుకోండి. టౌన్ సెంటర్ మీద క్లిక్ చేసి కింద క్యూ చూడండి. ఇద్దరికంటే ఎక్కువమంది ఉంటే రోగం ఇదే. ఒక్కడే ఉన్నా ఫుడ్ తక్కువగా ఉంటే అప్పుడు నిజంగానే వేట చాలట్లేదు, లేదా ఫుడ్ దించే చోటు దూరంగా ఉంది.

మందు కూడా చిన్నదే. తయారవుతున్నవాడు ఒకడు, వెనక ఒకడు, అంతకుమించి వేయొద్దు. ఫుడ్ 300 దాటుతుంటే ఆటో క్యూ ఆపేయండి. క్యూలో అదనంగా ఉన్నవాళ్ళ బొమ్మల మీద నొక్కి రద్దు చేయండి, కట్టిన ఫుడ్ మొత్తం వెనక్కి వస్తుంది, పైసా పోదు. ఏజ్ నొక్కాక అడవికి వెళ్ళకండి, అది లైన్‌లో మొదటి స్థానంలో కదులుతోందో లేదో కళ్ళతో చూసి వెళ్ళండి. ఏజ్ మారేంతసేపూ విలేజర్లు పుట్టరు కాబట్టి నొక్కేముందే పనికి సరిపడా మందిని తెచ్చుకోవాలి. ఏజ్ నడుస్తుండగా దాని వెనక ఐదుగురిని పేర్చడం కూడా అదే తప్పు. అప్పుడు దించాల్సిన హాప్లైట్లకు (గ్రీకు కాలిబంట్లకు) ఫుడ్ ఉండదు.

కొత్త విలేజర్లను ఎప్పుడూ ఆపకూడదని పాత ఆటగాళ్ళు చెప్పే మాట నిజమే. ఆపకపోవడం వేరు, ముందే కట్టేయడం వేరు. రెండూ ఒకటే అనుకోవడం వల్లే ఇంత నష్టం.

సమస్య: కొత్త విలేజర్లు టౌన్ సెంటర్ ముందే నిలబడి ఉన్నారు

గ్యాదర్ పాయింట్‌ను (కొత్తవాళ్ళు పుట్టగానే వెళ్ళాల్సిన చోటును) జింక మీద పెట్టి ఉంటారు, ఆ జింక ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అక్కడికి వెళ్ళినవాడికి పని దొరకదు. వేట మారిన ప్రతిసారీ పాయింట్ మార్చండి. అందరినీ లోపలికి పిలిచే టౌన్ బెల్ కొట్టిన తర్వాత కూడా ఇలాగే జరుగుతుంది: శత్రువు పోయాక తిరిగి పనికి పంపే బటన్ నొక్కకుండా అందరినీ ఊరికే బయటికి దించితే గుమ్మం ముందే ఉండిపోతారు.

సమస్య: జనాభా పెరగట్లేదు, ఇంకో టౌన్ సెంటర్ ఎక్కడా పడట్లేదు

ఇళ్ళకు పరిమితి ఉంది. ఆటలో ఎంచుకునే జాతుల్లో గ్రీకులైతే పది, ఒక్కో ఇంటికి పదిమంది. అట్లాంటియన్ల ఇళ్ళయిన మేనర్లు ఐదే, ఒక్కోదానికి ఇరవై. ఆపైన పెరగాలంటే సెటిల్‌మెంట్ (మ్యాప్‌లో టౌన్ సెంటర్ కోసం ముందే గుర్తించి ఉన్న చోటు) పట్టాలి. టౌన్ సెంటర్ సెటిల్‌మెంట్ మీద మాత్రమే లేస్తుంది, ఖాళీ నేల మీద ఎంత జరిపినా ఎర్రగానే కనిపిస్తుంది. అసలు గేమ్‌లో గ్రీకులు దీనికోసం హీరోయిక్ ఏజ్ దాకా ఆగాలి. నార్స్ ఆడేవాళ్ళు గ్యాదరర్లను (ఆ జాతి పనివాళ్ళను) పంపి ఎదురుచూస్తుంటారు. వాళ్ళ టౌన్ సెంటర్ కట్టేది కాలిబంట్లు, గ్యాదరర్లు కాదు.

అట్లాంటియన్లతో ఆడుతూ, మిథ్ యూనిట్లకు ఖర్చయ్యే ఫేవర్ (దేవుళ్ళ అనుగ్రహం) రావట్లేదని బాధపడేవాళ్ళకూ ఇదే జవాబు. గ్రీకులు టెంపుల్ దగ్గర ప్రార్థన చేసి, ఈజిప్షియన్లు మాన్యుమెంట్లు కట్టి, నార్స్ యుద్ధం చేసి ఫేవర్ తెచ్చుకుంటారు. పాత గేమ్‌లో అట్లాంటియన్లకు అది చేతిలో ఉన్న టౌన్ సెంటర్ల నుంచే వస్తుంది. రెండో సెటిల్‌మెంట్ పట్టకుండా మిథ్ యూనిట్ల గురించి ఆలోచించడం దండగ.

సమస్య: ప్రతి దాడిలోనూ విలేజర్లు చచ్చిపోతున్నారు

దూరంగా చెల్లాచెదురుగా పెట్టారు కాబట్టి. ఓరుగల్లు కోట చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది: నాలుగు తోరణాల నడుమ స్వయంభూ ఆలయం, దాని చుట్టూ రాతికోట, దాని అవతల మట్టికోట. నడిమధ్యన ఉన్నదాన్ని చూసుకుని బయటికి కట్టుకుంటూ పోయారు. మీరూ పొలాలను టౌన్ సెంటర్ గోడకు ఆనించి వేయండి. దాడి రాగానే పొలాలవాళ్ళు రెండడుగుల్లో లోపలికి వస్తారు, లోపల మనుషులుంటే బాణాలూ ఎక్కువ పడతాయి. కట్టెలు కొట్టేవాళ్ళకు టౌన్ సెంటర్ దూరమవుతుంది, వాళ్ళ దగ్గర ఒక టవర్ పెట్టండి.

సమస్య: ఈజిప్ట్‌తో అంతా నెమ్మదిగా ఉంది

ఈజిప్ట్ రాజు ఫారో ఎక్కడున్నాడో చూడండి. టౌన్ సెంటర్‌ను ఎంపవర్ చేస్తుంటే లోపలి పని వేగంగా జరుగుతుంది. సైన్యాన్నంతా ఒకేసారి సెలెక్ట్ చేసి పంపితే ఫారో కూడా వాళ్ళతో పోతాడు, ఇక్కడ వేగం పడిపోతుంది. చనిపోతే కొంతసేపటికి కొత్త ఫారో ఉచితంగానే వస్తాడు, కానీ వచ్చినవాణ్ణి మళ్ళీ పనిలో పెట్టాల్సింది మీరే.

ఇక మిగిలినవి అరుదు. ఆర్టెమిస్ దేవత ఇచ్చే భూకంపంతోనో, థోత్ దేవుడు ఇచ్చే ఉల్కలతోనో టౌన్ సెంటర్ కూలిందంటే ఆట అప్పటికే మిథిక్ ఏజ్‌కు వచ్చింది, దానికి మందు ఇంకో సెటిల్‌మెంట్ ముందే పట్టి ఉండటమే. నార్స్‌లో గ్యాదరర్లందరూ ఒక్కసారిగా మాయమైతే మీరే రాగ్నరోక్ అనే దైవశక్తి నొక్కారు, వాళ్ళంతా హీరోలయ్యారు. వాళ్ళతో వెంటనే దాడి చేయండి, ఇంటి దగ్గర టౌన్ సెంటర్‌లో కొత్త గ్యాదరర్లను ఒక్కొక్కరిగా క్యూలో వేయండి.