పక్కింటి గోడ ఆనుకుని ఇల్లు కడుతున్నారా? పునాది తవ్వకముందే ఇవి చూసుకోండి

విశాఖ అక్కయ్యపాలెంలో మా పాత ఇల్లు తీసేసి కొత్తది కట్టుకునేటప్పుడు, పక్కింటి గోడ పొడవునా పునాది గుంటను ఒకే మధ్యాహ్నం జేసీబీతో తవ్వించేశాం. ఆ రాత్రి వాన పడింది. పొద్దున్నే పక్కింటి పిన్నిగారు పిలిచి వాళ్ల వంటింటి గోడ చూపించారు. కిటికీ మూల నుంచి స్లాబు దాకా ఏటవాలుగా ఒక బీట, రూపాయి బిళ్ల అంచు దూరేంత. "బాబూ, రాత్రి గిన్నెలు తోముకునేటప్పుడు ఇది లేదు" అన్నారావిడ. పాత బీటే అన్నాడు మా మేస్త్రీ. ఏది నిజమో చెప్పడానికి మా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. చివరికి బాగుచేయించి ఇచ్చాం గానీ, ఆ నెలంతా ఇరు కుటుంబాలూ పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదని ఇది రాస్తున్నాను.

ముందు గోడ ఎవరిదో తేల్చుకోండి

మీ దస్తావేజు తీసి సరిహద్దులు రాసిన చోట చదవండి. ఆ వైపు "ఉభయుల గోడ" అనో "జాయింటు గోడ" అనో ఉంటే అది ఇద్దరిదీ. "ఫలానావారి గోడ" అని ఉంటే వాళ్లదే. పక్కవాళ్ల దస్తావేజు కూడా అడిగి చూడండి, ఒక్కోసారి రెండింట్లో రెండు రకాలుగా ఉంటుంది. కాగితాల్లో ఏమీ లేకపోయినా, గోడను రెండిళ్లవాళ్లూ ఏళ్లుగా వాడుకుంటున్నారంటే కోర్టులు సాధారణంగా దాన్ని ఉమ్మడిదిగానే చూస్తాయి. వన్‌టౌన్‌లోని పాత వరస ఇళ్లలాంటి చోట ఇది తప్పక చూసుకోవాలి.

ఉమ్మడి గోడను మీరు వాడుకోవచ్చు, మీ వైపు రిపేరు చేసుకోవచ్చు. అవతలివాళ్ల ఒప్పుదల లేకుండా పడగొట్టడం, దానిమీద కొత్త గోడ లేపడం, బలం తగ్గేలా తొలిచి బీములు పెట్టడం మాత్రం కుదరదు. గోడ పూర్తిగా వాళ్లదైతే మేకు కొట్టే హక్కు కూడా మీకు లేదు.

మన స్థలంలో తవ్వినా బాధ్యత మనదే

"నా స్థలంలో నేను తవ్వుకుంటే ఎవరికేంటి?" అనుకునేవాళ్లు చాలామంది. కానీ 1882 నాటి ఈజ్‌మెంట్ల (పక్క స్థలం మీద ఉండే హక్కుల) చట్టం ప్రకారం, ప్రతి స్థలానికీ పక్క స్థలంలోని మట్టి సహజంగా ఇచ్చే ఆసరా పొందే హక్కు ఉంది. అప్పట్లో విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఆ చట్టం మొట్టమొదట అమల్లోకి వచ్చిన ప్రాంతాల్లో అదీ ఒకటి. అంటే మన ఊళ్లో ఈ హక్కు మన తాతముత్తాతల కాలం నాటిది.

ఇందులో ఒక మెలిక ఉంది. సహజమైన ఆసరా ఖాళీ నేలకే. దానిమీద కట్టిన ఇంటి బరువుకు కూడా ఆసరా హక్కు రావాలంటే, ఆ ఇల్లు అడ్డూ ఆటంకం లేకుండా 20 ఏళ్లు ఆ ఆసరా మీద నిలిచి ఉండాలి. కిటికీ వెలుతురుకూ గాలికీ ఇదే 20 ఏళ్ల లెక్క. అలాగని ఐదేళ్ల ఇంటి పక్కన ఇష్టమొచ్చినట్టు తవ్వచ్చని కాదు. నిర్లక్ష్యంగా తవ్వి నష్టం చేస్తే పరిహారం ఎలాగూ కట్టాలి. కట్టేటప్పుడు గానీ పడగొట్టేటప్పుడు గానీ ప్రాణాపాయం లేకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే, భారతీయ న్యాయ సంహిత 290వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ప్లాను

జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) నుంచి ప్లాను పాసయ్యాకే పని మొదలుపెట్టండి. హద్దు నుంచి ఎంత ఖాళీ వదలాలన్నది స్థలం విస్తీర్ణం, ఇంటి ఎత్తును బట్టి 2017 ఏపీ బిల్డింగ్ రూల్స్‌లో ఉంటుంది. సందేహముంటే మీ వార్డు సచివాలయంలోని ప్లానింగ్ సెక్రటరీని అడగండి. ఒక్కటి గుర్తుంచుకోండి, ప్లాను పాసైందంటే ఆ గోడ మీదేనని తేల్చినట్టు కాదు. హద్దు తగాదా తేల్చేది సివిల్ కోర్టు.

ఫొటోలు, ఒక కాగితం

నేను వదిలేసిన పని ఇదే. తవ్వకానికి ముందు పక్కవాళ్లింటికి వెళ్లి, వాళ్లు పక్కనుండగానే ఆ వైపు గదులన్నీ ఫొటోలు తీయండి. బీటలుంటే పక్కన స్కేలు పెట్టి దగ్గరగా తీయండి. బీట చివర్ల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేస్తే, అది పెరుగుతోందో లేదో తర్వాత తెలుస్తుంది. ఫొటోల ప్రింట్ల మీద ఇద్దరూ సంతకాలు పెట్టి చెరో సెట్టు ఉంచుకోండి.

ఏ పని ఎప్పుడు మొదలవుతుంది, పరంజా వాళ్ల వైపు కట్టాలంటే ఎన్ని రోజులు, నష్టం జరిగితే ఎన్నాళ్లలో బాగుచేస్తారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. పని వరకే పరిమితమైన ఒప్పందానికి ఇది చాలు. గోడలో హక్కునే ఇస్తున్నా, వదులుకుంటున్నా రిజిస్ట్రేషన్ కావాలి, అప్పుడు లాయర్‌తో రాయించండి.

తవ్వేటప్పుడు

గోడ పక్కన పునాదిని ముక్కలు ముక్కలుగా తవ్వించండి. ఒక ముక్క తవ్వి, కాంక్రీటు వేసి, అది గట్టిపడ్డాక రెండోది. ఎంత పొడవు చొప్పున అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి, మేస్త్రీ కాదు. కొండవాలు కాలనీల్లో మట్టి మీదివైపు నుంచి తోసుకొస్తుంది. బీచ్ దగ్గర ఇసుక నేలలో గుంటలోని నీళ్లు తోడేస్తే, నీళ్లతోపాటు పక్కింటి కింది ఇసుకా జారిపోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల భయం ఉంటుంది కాబట్టి, వీలైతే గుంటలు వేసవిలో తీయించడమే మేలు. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మోత చేసే యంత్రాలు వాడకూడదు.

గొడవైతే

పక్కవాళ్లు బీట చూపిస్తే వెంటనే పని ఆపి ఇంజనీరును పిలవండి. మాటల్లో తేలకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదురుస్తారు. ఫీజు ఉండదు, అక్కడిచ్చే అవార్డు (తీర్పు) మీద అప్పీలూ ఉండదు.

మీరే నష్టపోయే వైపు ఉండి, అవతలివాళ్లు వినకుండా తవ్వుతుంటే ఆలస్యం చేయకండి. సివిల్ కోర్టులో తాత్కాలిక ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) అడగండి, స్థలం చూసి రిపోర్టివ్వడానికి అడ్వొకేట్ కమిషనర్‌నూ కోరవచ్చు. మీరు కట్టే వైపు ఉండి, అన్నీ సక్రమంగా చేస్తున్నా కోర్టు భయం ఉంటే ముందే కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వులివ్వొద్దనే అర్జీ) వేసుకోవచ్చు. అది 90 రోజులు పనిచేస్తుంది, ఆలోగా మీ మాట వినకుండా స్టే రాదు.

పని పూర్తయ్యాక మీ స్లాబు వాననీరు పక్కవాళ్ల గోడమీద పడకుండా గొట్టం మీ వైపే దింపండి. తర్వాత మళ్లీ వాళ్లింటికి వెళ్లి అవే గదులు, అవే మూలలు ఇంకోసారి ఫొటోలు తీసుకుని, వాటిమీద కూడా ఇద్దరి సంతకాలూ తీసుకోండి.